అరచేయంత రబ్బరు

ముప్పైనాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. అంచేత పైసా పైసాకీ లెక్క చూసుకోవడం నాకు ఉద్యోగంతో వచ్చిన అలవాటు. మా ఆవిడ దీన్ని పిసినారితనం అంటుంది. నేను పొదుపు అంటాను. ఈ రెంటికీ మధ్య సరిహద్దు ఎక్కడుందో మొన్న మొన్నటిదాకా నాకూ తెలియదు, ఆవిడకీ తెలియదు. తెలియజెప్పినవి నాలుగు కారు టైర్లు.

మా కారు 2017 దసరాకి కొన్నాం. రాజమండ్రిలో కాపరం. గుడికీ, పెళ్ళిళ్ళకీ, అల్లుడుగారు వచ్చినప్పుడు స్టేషనుకీ తప్ప బండి గుమ్మం కదలదు. ఏడేళ్లలో తిరిగింది 28,000 కిలోమీటర్లు. కొత్తలో టైరు గాడి లోతు 8 మిల్లీమీటర్లు ఉండేది. మనవరాలి కాంపాస్ పెట్టెలోని స్కేలు పెట్టి కొలిస్తే ఇంకా 5 ఉంది. చట్టం ప్రకారం కారుకి 1.6 మిల్లీమీటర్లు మిగిలేదాకా తిప్పుకోవచ్చు. త్రైరాశికం కట్టాను. 28,000 కి 3 మిల్లీమీటర్లు అరిగితే, మిగిలిన 3.4 అరగడానికి ఇంకో ముప్పైయొక్క వేల పైచిలుకు కిలోమీటర్లు. అంటే 2032 దాకా టైర్ల బెడద లేదు. ఈ లెక్కని వీధిలో నలుగురికీ చెప్పి మురిసిపోయాను కూడాను.

2024 శ్రావణమాసంలో అమ్మాయీ, అల్లుడుగారూ, మనవరాలూ వచ్చారు. అన్నవరంలో వ్రతం చేయించుకోవాలని మా ఆవిడ సంకల్పం. తెల్లారగట్ల బయల్దేరాం. బండి నేనే తోలుతున్నాను. ముందు సీట్లో అల్లుడుగారు, వెనక ఆడవాళ్లూ, మధ్యలో మనవరాలు. జగ్గంపేట దాటాక వాన మొదలైంది. పెద్ద వాన కాదు. రోడ్డుమీద దుమ్మూ నూనే తడిసి జిడ్డుగా మారే తొలి చినుకులు. నేను 70 మీద ఉన్నాను.

ఉన్నట్టుండి ఎడమ పక్క పుంతలోంచి ఒకాయన సైకిలు మీద రెండు అరటిగెలలు వేసుకుని రోడ్డెక్కాడు. బ్రేకు తొక్కాను. కాలి కింద బ్రేకు పెడలు గడగడలాడింది. బండి మాత్రం నా మాట వినలేదు. సబ్బురాసిన గచ్చు మీద పీట జారినట్టు సాగిపోయింది. వెనకనుంచి "తాతయ్యా!" అన్న కేక ఒక్కటే వినిపించింది. ఆగిన తర్వాత చూస్తే మా బంపరుకీ సైకిలు చక్రానికీ మధ్య మూరెడు దూరం ఉంది. ఆయన నన్ను తిట్టలేదు. "చూసి తోలండి బాబూ, ఇంటికాడ పిల్లలున్నారు" అని గెలలు సర్దుకుని వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

అల్లుడుగారు కిక్కురుమనలేదు. మామగారి డ్రైవింగు గురించి అల్లుడు మాట్లాడడం మర్యాద కాదు కదా. "కాస్సేపు నేను తోలనా మామయ్యగారూ?" అని మాత్రం అన్నారు. వ్రతంలో కూర్చున్నానన్న మాటేగాని, పూజారిగారు చెప్పిన కథ ఒక్కటీ నా చెవిన పడలేదు.

మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసుతో వాకిట్లోకి వస్తే అల్లుడుగారు టైరు దగ్గర గొంతుకూర్చుని ఉన్నారు.

"గాడి బాగానే ఉందండీ, నేను కొలిచాను" అన్నాను, ఆయన అడక్కముందే.

"గాడి బాగానే ఉంది మామయ్యగారూ. రబ్బరే పోయింది" అన్నారాయన. "ఇది చూడండి" అని టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గీతలో ఉన్న నాలుగంకెలు చూపించారు. 3217. అది టైరు జన్మనక్షత్రమట. 2017 వ సంవత్సరం 32 వ వారంలో పుట్టిందని అర్థం. అంటే దానికి సరిగ్గా ఏడేళ్లు నిండాయి. ఎండకీ గాలికీ రబ్బరు లోపలి మెత్తదనం పోయి గట్టిపడుతుంది, తిరిగినా తిరక్కపోయినా. అయిదేళ్లు దాటాక ఏటేటా పరీక్ష చేయించమనీ, పదేళ్లకి గాడి ఎంత ఉన్నా తీసిపారేయమనీ చాలా కంపెనీలు చెబుతాయట. మా కారు నిలిచేది నడివాకిట్లో, రాజమండ్రి ఎండలో. వేలితో నొక్కి చూశాను. పక్కగోడ మీద సన్నని పగుళ్లు, ఎండిన చెరువు అడుగులా.

ఆ తర్వాత గాలి చూశారు. డోరు పక్కన అంటించిన చీటీలో 32 పాయింట్లు ఉండాలని రాసి ఉంది. నాలుగింటిలోనూ 24. నెలకి ఒకటి, రెండు పాయింట్లు దానంతటదే దిగిపోతుందని అప్పుడే విన్నాను. గాలి తక్కువైతే తడి రోడ్డు మీద టైరు నీటిపైకి తొందరగా తేలిపోతుందట. బ్రేకు కింద గడగడమన్నది ఏబీఎస్ అనే ఏర్పాటు. అది చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది. అంతేగాని టైరుకి లేని పట్టుని అది తెచ్చిపెట్టలేదు. తప్పు కారుది కాదు, కంపెనీది కాదు. పొదుపరిది.

ఆ సాయంత్రమే టైర్ల కొట్టుకి బయల్దేరాం. దారిలో నేనొక ఉపాయం చెప్పాను. "రెండే మారుద్దాం. ముందు రెండూ. బ్రేకు ఎక్కువగా పట్టేది ముందే కదా." అల్లుడుగారు తల అడ్డంగా ఊపారు. రెండే మారిస్తే కొత్తవి వెనక వెయ్యాలట. వెనక చక్రాలకి పట్టు పోతే బండి బొంగరంలా తిరుగుతుందనీ, అప్పుడు స్టీరింగు ఎటు తిప్పినా లాభం లేదనీ చెప్పారు. పైగా మావి నాలుగూ ఒకే ఈడువి. ఉపాయం అక్కడితో సరి.

కొట్టాయన మూడు రకాలు తెచ్చి వరసగా నిలబెట్టాడు. ఒకటి ఎక్కువకాలం మన్నేది, 5,200. రెండోది మెత్తగా, చప్పుడు లేకుండా నడిచేది, 6,100. మూడోది పెర్ఫార్మెన్సు టైరు, 7,200. మూడోదాన్ని చూడగానే అల్లుడుగారి మొహం వెలిగిపోయింది. నాకు మాత్రం అది కాలేజీ కుర్రాళ్ల బూట్లలా కనిపించింది. రేసులాడేవాళ్లకి కావాలిగాని, వ్రతానికి వెళ్లేవాళ్లకెందుకు?

అయినా మేస్టర్ని కదా, పరీక్ష పెట్టందే మార్కులు వెయ్యను. టైరు పక్కన రాసి ఉన్నదంతా చదివించాను. మా కారుది 185/65 ఆర్ 15 88 హెచ్. వెడల్పు 185 మిల్లీమీటర్లు. పక్కగోడ ఎత్తు అందులో నూటికి 65 వంతులు, అంటే 120. ఆర్ అంటే రేడియల్. లోపలి దారాలు అంచు నుంచి అంచుకి అడ్డంగా, సూటిగా పరిచి, పైన ఉక్కు పట్టీ చుట్టిన కట్టుబడి. దానికి 1946 లో పేటెంటు తీసుకుని, 1949 లో అమ్మకానికి తెచ్చింది ఫ్రాన్సులోని మిషెలిన్ కంపెనీ. 15 అంటే రిమ్ము అంగుళాలు. 88 అంటే ఒక్కో టైరూ 560 కిలోల బరువు మొయ్యగలదని. ఇక హెచ్ అంటే వేగం, గంటకి 210 కిలోమీటర్లు. పెర్ఫార్మెన్సు టైరు మీద వి అని ఉంది. అది 240. పైన డబ్ల్యూ 270, వై 300.

"వంద దాటనిచ్చే రోడ్డే మనకి అరుదు. రెండొందల నలభై ఎవరికండీ?" అన్నాను.

"ఆ అక్షరం మనల్ని పరిగెత్తమని కాదు మామయ్యగారూ. అంత వేగంలో పుట్టే వేడికి తట్టుకునేలా కట్టారని" అన్నారాయన. నిజమే. మే నెలలో మన తారురోడ్డు వేడి ఏపాటిదో చెప్పులు తెగినవాడికి తెలుసు.

ఆ కిందే అమెరికావాళ్లు పెట్టించిన మూడు మార్కులున్నాయి. ఒకటి అరుగుదల. నూరుని ప్రమాణంగా పెట్టుకుంటే, 400 ఉన్నది దానికి నాలుగింతలు మన్నుతుందని. రెండోది తడిరోడ్డు మీద సూటిగా బ్రేకు వేసినప్పటి పట్టు: ఏఏ, ఏ, బి, సి అని నాలుగు తరగతులు. మూడోది వేడికి ఓర్పు. మా ముందున్న వాటిలో మన్నే టైరుకి 500, బి. మెత్తనిదానికి 400, ఏ. పెర్ఫార్మెన్సు దానికి 280, ఏఏ. అయితే ఈ మార్కులు వేసుకునేది తయారుచేసినవాళ్లే. బడిలో పిల్లలు ఎవరి పేపరు వాళ్లే దిద్దుకున్నట్టు. అంచేత ఒక కంపెనీ 400 ని ఇంకో కంపెనీ 400 తో సరిగ్గా తూచలేం. అదృష్టవశాత్తూ మా ముందున్నవి మూడూ ఒకే కంపెనీవి. జర్మనీలో ఏడీఏసీ అని మోటారువాళ్ల సంఘం ఒకటుంది. వాళ్లు టైర్లని బజార్లో కొని తడిలోనూ పొడిలోనూ బ్రేకు వేసి, దూరం కొలిచి మార్కులు ప్రకటిస్తూంటారు. పరీక్షంటే అదీ.

ఒక టైరులో అంకె పెరిగితే అక్షరం తగ్గడం గమనించారా? అది మోసం కాదు, రబ్బరు స్వభావం. పట్టు అంటే ఏమిటి? రోడ్డులోని కంకర గుంటల్లోకి రబ్బరు క్షణంలో దిగి, వాటిని పట్టుకుని, మళ్లీ లేవడం. మెత్తని రబ్బరు బాగా దిగుతుంది. దిగినది అరుగుతుంది. గట్టిది అరగదు, అలాగని దిగదు. పైగా దిగి లేవడంలో కొంత శక్తి వేడిగా పోతుంది. అంచేత పట్టు ఎక్కువైతే పెట్రోలూ కాస్త ఎక్కువ తాగుతుంది. పట్టూ, మన్నికా, పెట్రోలూ: ఈ ముగ్గురూ తోడికోడళ్లు. ఒకరికి చీర పెడితే ఇద్దరు అలుగుతారు. 1992 లో మిషెలిన్ వాళ్లు నల్లమసిలో చాలా భాగం తీసేసి, బదులు సిలికా కలిపిన టైరు తెచ్చారు. అప్పటినుంచీ ఆ తగువు కొంత సర్దుకుంది గాని పూర్తిగా తీరలేదు.

కొట్టాయన పని మీద లోపలికి వెళ్లాడు. నేను రసీదు పుస్తకం వెనక లెక్క మొదలెట్టాను. మనుషులతో కలిపి బండి బరువు 1,300 కిలోలు. 32 పాయింట్ల గాలి అంటే చదరపు సెంటీమీటరుకి రెండుంపావు కిలోలు. భాగిస్తే 578 చదరపు సెంటీమీటర్లు. నాలుగో వంతు 144. అంటే ఒక్కో టైరూ నేలని తాకేది ఉజ్జాయింపుగా నా అరచెయ్యంత. నాలుగు అరచేతుల మీద మా సంసారమంతా అన్నవరం వెళ్లొచ్చిందన్నమాట! చెయ్యి చాపి చూసుకుంటే కాస్త వణికింది.

అల్లుడుగారికి ఇంకో కోరిక కూడా ఉంది. వెడల్పు 195, గోడ ఎత్తు 60 ఉన్నది వేద్దామని. బండి బలంగా కనిపిస్తుందట. ఇక్కడ నా లెక్క పనికొచ్చింది. బరువు అదే, గాలి అదే అయినప్పుడు నేలకి తగిలే వైశాల్యమూ ఇంచుమించు అదే. ఆకారం మాత్రం అడ్డంగా సాగుతుంది. మలుపుల్లో దానివల్ల లాభం ఉంది. కాని నీళ్లు నిలిచిన చోట వెడల్పు టైరు ఎక్కువ నీటిని పక్కకి నెట్టాలి, అంచేత తొందరగా తేలుతుంది. గోడ ఎత్తు తగ్గితే మన గోతుల్లో దెబ్బ నేరుగా రిమ్ముకే. "నిజమేనండోయ్" అని అల్లుడుగారు ఒప్పేసుకున్నారు. అల్లుడు మామగారి మాట ఒప్పుకోవడం మా ఇంట్లో పండగతో సమానం.

ఇక కొలత పాతదే అని తేలింది. ఆ కొలతలోనే మూడు రకాలూ ఉన్నాయి. నా వేలు అలవాటు చొప్పున 5,200 వైపు సాగింది. అంతసేపూ బల్ల మీద మనవరాల్ని ఒళ్లో పెట్టుకు కూర్చున్న మా ఆవిడ అప్పుడు నోరు విప్పింది.

"ఏమండీ, ఏది ఎన్నాళ్లు వస్తుందో చెప్పారు. ఏది ఎంత వేగం పోతుందో అల్లుడుగారు చెప్పారు. వానలో ఏది ముందు ఆగుతుందో ఎవరూ చెప్పరేం?"

నా పెన్సిలు ఆగిపోయింది. మళ్లీ లెక్క కట్టాను, ఈసారి ఆగే దూరానికి. 70 మీద వెళుతుంటే, మంచి పొడిరోడ్డు మీద, మంచి టైరుతో, బ్రేకు పట్టాక సుమారు 24 మీటర్లలో ఆగుతాం. తడిరోడ్డు మీద, గట్టిపడ్డ టైరుతో, పట్టు అందులో సగమే అనుకుంటే 48. బ్రేకు మీదికి కాలు వెళ్లే ఒక్క సెకనులో పోయే 19 మీటర్లు దీనికి అదనం. 24 కీ 48 కీ మధ్య ఉన్నది ఎవరో నాకు తెలుసు. గెలలు సర్దుకుంటున్న మనిషి.

సరే, పట్టుకే ఓటు. మరి మన్నిక? ఇక్కడే నా ఏడేళ్ల లెక్క తలకిందులైంది. మేం ఏడాదికి తిరిగేది 4,000. మన్నే టైరు లక్ష కిలోమీటర్లు వచ్చినా, లక్ష తిరగడానికి మాకు పాతికేళ్లు కావాలి. రబ్బరు ఆరేడేళ్లకే ముసలిదవుతుంది. అంటే నేను డబ్బు పెట్టి కొనే ఆ మన్నికలో మూడువంతులు వాకిట్లో ఎండకి ఎండిపోతుంది. మెత్తని పెర్ఫార్మెన్సు టైరు 35,000 వచ్చినా నా అవసరానికి మించినదే. కుర్రాళ్ల బూట్లనుకున్నవి చివరికి ముసలాడి కాళ్లకే సరిపోయాయి! అదే రోజూ హైదరాబాదు తిరిగే టాక్సీవాడికి ఈ లెక్క వర్తించదు. అతని టైరు ముసలిది కాకముందే అరిగిపోతుంది. అంచేత అతనికి మధ్యరకం మేలు. ఏ టైరు మంచిదని అడిగితే జవాబు లేదు. ఎవరికి, ఏ దారికి, ఏడాదికి ఎంతకి అని అడిగితే ఉంది.

నాలుగూ 7,200 వే బిగించమన్నాను. అమ్మాయి నా నుదురు ముట్టుకు చూసింది, జ్వరమేమోనని.

చక్రాలు విప్పుతూంటే మనవరాలు అడిగింది, టైరుని ఎవరు కనిపెట్టారు తాతయ్యా అని. 1845 లోనే థామ్సన్ అనే స్కాట్లండు ఆయన గాలి టైరుకి పేటెంటు తీసుకున్నాడనీ, లోకం దాన్ని మరిచిపోయిందనీ చెప్పాను. తర్వాత 1888 లో బెల్‌ఫాస్టులో డన్‌లప్ అనే పశువుల డాక్టరు మళ్లీ చేశాడు. తన కొడుకు మూడుచక్రాల సైకిలు కుదుపులు లేకుండా నడవాలని. "అయితే టైరు పిల్లల కోసం పుట్టిందా?" అంది. అవునమ్మా అన్నాను. అంతకంటే గొంతు పెగల్లేదు.

పని అయ్యాక కొట్టాయన అన్నాడు. "మొదటి రెండొందల కిలోమీటర్లూ నెమ్మదిగా తోలండి, కొత్త నునుపు పోవాలి. పాతవి నాలుగూ రెండువేలకి తీసుకుంటాను. గాడి బాగుంది, ఎవరో ఒకరు వేసుకుంటారు." ఆ ఎవరో ఒకరు అక్కడే ఉన్నాడు. చిన్న టాక్సీ కుర్రాడు, నా టైర్ల గాడిలో రూపాయి బిళ్ల పెట్టి చూస్తున్నాడు. సరిగ్గా నాలాగే. "ఇంకా చాలా వస్తాయి కదండీ?" అని నన్నే అడిగాడు.

రెండువేలంటే నా బోటివాడికి తక్కువ సొమ్ము కాదు. ఒక్క క్షణం ఊగిసలాడానని ఒప్పుకుంటాను. తర్వాత ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టి 3217 చదివించాను. పగుళ్లు చూపించాను. జగ్గంపేట సంగతి చెప్పాను. "కొత్తవి కొనే డబ్బు లేదు మేస్టారూ" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. కొట్టాయన్ని బతిమాలి, మధ్యరకం రెండు టైర్లు అతనికి నెలవారీ వాయిదాల మీద ఇప్పించి, హామీ నేనుంటానన్నాను. నా టైర్లు మాత్రం నా కళ్లముందే కత్తితో కోయించి బయటికి వచ్చాను.

ఇప్పుడు మా వంటింటి క్యాలెండరులో పాల లెక్క పక్కన ఇంకో గడి ఉంది. నెల మొదటి తేదీన పొద్దున్నే, టైర్లు చల్లగా ఉండగానే గాలి చూసి, అంకె నేను చెబితే మా ఆవిడ వేస్తుంది. 32, 32, 32, 32. పైన ఒక మూల చిన్న అక్షరాలతో కొత్త టైర్లు పుట్టిన వారం రాసుకున్నాను. గాడి ఇప్పుడు కూడా కొలుస్తాను. కొలిచాక ఆ వారం కేసి కూడా ఓసారి చూస్తాను.